పైపు పొగాకుపై ఖర్చు: గిరాకీ లెక్క చదివే పద్ధతి

పొగాకు మార్కెట్ గురించి వ్రాసేటప్పుడు మాట ఎప్పుడూ సిగరెట్టు చుట్టూ తిరుగుతుంది. వర్జీనియా ఆకును ప్రధానంగా కొనేది సిగరెట్టు కంపెనీలే కనుక అది సహజం. ఐతే గిరాకీ ఎట్లా పెరుగుతుందో, ఎట్లా తగ్గుతుందో నేర్చుకోదలచిన వారికి సిగరెట్టు కంటె పైపు మంచి పాఠం చెబుతుంది. పైపు కాల్చేవారు కొద్దిమంది. వారిలో చాలామందికి అది అలవాటుతో పాటు ఒక సరదా, ఒక వ్యాపకం. అందువల్ల చేతిలో డబ్బు ఆడేటప్పుడు, ఆడనప్పుడు వారి ఖర్చు ఎట్లా మారుతుందో విడదీసి చూడడానికి వీలున్నది.

మాంద్యం వస్తే పైపు మీద ఖర్చు తగ్గుతుందా? తగ్గుతుందనే ఎవరైనా అనుకుంటారు. కాని 2007 డిసెంబరు నుంచి 2009 జూన్ వరకు అమెరికా తీవ్రమైన మాంద్యంలో ఉండగా, అక్కడ పైపు పొగాకు నెలసరి అమ్మకాలు 2009 నుంచి రెండున్నరేళ్లలో పన్నెండు రెట్లకు పైగా పెరిగినాయి. ఈ అంకెను ఉన్నది ఉన్నట్లు చదివితే, కష్టకాలంలో అమెరికన్లు పైపు పట్టినారని అర్థం వస్తుంది. నిజం అది కాదు. ఎందుకు కాదో తెలుసుకోవడమే ఈ పాఠం.

రెండు పద్దులు

పైపు ఖర్చులో రెండు పద్దులు ఉన్నాయి. ఒకటి పైపు, రెండవది పొగాకు. వీటిని కలిపి చూస్తే లెక్క తప్పుతుంది.

మంచి పైపులను మధ్యధరా సముద్ర తీర ప్రాంతాలలో పెరిగే బ్రయర్ అనే పొద యొక్క వేరు దుంపతో చేస్తారు. ఫ్రాన్సులోని సెయింట్ క్లాడ్ పట్టణం ఈ పనికి ప్రసిద్ధి. జాగ్రత్తగా వాడి, శుభ్రం చేసుకుంటే బ్రయర్ పైపు కొన్ని దశాబ్దాలు మన్నుతుంది. అనగా ఇది గోడ గడియారం వంటి మన్నికైన సరుకు. పొగాకు అట్లా కాదు. అది కాలిపోయే సరుకు, మళ్ళీ మళ్ళీ కొనవలసినదే.

మన్నికైన సరుకుకు ఒక లక్షణం ఉన్నది. దాని కొనుగోలును వాయిదా వేయవచ్చు. ఇంట్లో నాలుగు పైపులున్న మనిషి ఐదవది ఈ ఏడు కొనకపోతే అతని సరదాకు లోటు రాదు. కనుక ఆదాయం కాస్త తగ్గగానే మొదటి కోత కొత్త పైపు మీద పడుతుంది. ఖరీదైన బ్రయర్ బదులు చవక పైపు కొనే దారీ ఉన్నది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, వాషింగ్టన్ అనే పట్టణంలో, గింజలు తీసిన మొక్కజొన్న బెండుతో పైపులు చేసే పరిశ్రమ 1869 నుంచి నడుస్తున్నది. బ్రయర్ పైపు ధరతో పోలిస్తే దాని ధర చాలా స్వల్పం. ఇంకొక దారి ఒకరు వాడిన పైపును బాగుచేసి, మెరుగు పెట్టి అమ్మే వ్యాపారం. కొత్త సరుకు బేరం మందగించినప్పుడు ఇట్టి పాత సరుకుకు గిరాకీ రావడం అన్ని మన్నికైన సరుకులలోనూ కనిపించే విషయమే.

పొగాకు పద్దులో కోత మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదట పేరున్న డబ్బా సరుకు మాని, తూకానికి అమ్మే విడి సరుకు కొంటారు. ఆ తరువాత రోజుకు కాల్చే సంఖ్య తగ్గిస్తారు. పూర్తిగా మానడం చివరి మెట్టు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక మనిషి ఏడాదికి పైపుల మీద 4,000 రూపాయలు, పొగాకు మీద 6,000 రూపాయలు, మొత్తం 10,000 రూపాయలు ఖర్చు పెడుతున్నాడని అనుకుందాం. ఆదాయం తగ్గి అతడు పైపులు కొనడం మాని, నాలుగో వంతు చవకైన పొగాకును అదే తూకం కొన్నాడు. ఇప్పుడతని ఖర్చు 4,500 రూపాయలు. ఖర్చు 55 శాతం పడిపోయింది. కాని కాల్చిన పొగాకు తూకం ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. పైపుల దుకాణదారుకు ఇది సంక్షోభం. ఆకు పండించే రైతుకు గిరాకీ అంతే ఉన్నది, కాని ధర తక్కువ రకానికి మళ్ళింది. ఒకే మనిషి ఖర్చు ఇద్దరికి రెండు విధాలుగా కనిపిస్తుంది.

బ్రిటన్ అనుభవం, గుంటూరు ఆకు

చవక రకానికి మళ్ళడం అనే ఈ సూత్రం వల్ల ఒకప్పుడు మన ప్రాంతానికి మేలు జరిగింది. బ్రిటన్ 1919లో తన సామ్రాజ్యంలోని దేశాల పొగాకుకు దిగుమతి సుంకంలో ఆరో వంతు రాయితీ ఇచ్చింది. 1925లో ఆ రాయితీని నాలుగో వంతుకు పెంచింది. అమెరికా ఆకు పూర్తి సుంకం కట్టవలసి ఉండగా, ఇండియా, రొడీషియా, న్యాసాలాండ్ ఆకు తక్కువ సుంకంతో రేవు దిగేది. అక్కడి సిగరెట్టు కంపెనీలు వాడుకరి రుచి మారుతుందన్న భయంతో అమెరికా ఆకునే ఎక్కువగా నమ్ముకున్నాయి. పైపు మిశ్రమాలలో రకరకాల ఆకులు కలుస్తాయి కనుక అక్కడ సామ్రాజ్య దేశాల ఆకు సులభంగా ప్రవేశించింది. 1930 దశకం మాంద్యంలో చవకగా దొరికే పైపు పొగాకులో ఎక్కువ భాగం ఈ ఆకే. గుంటూరు పరిసరాలలో వర్జీనియా సాగు, బేరన్లలో ఆకు కాల్చే పద్ధతి వ్యాపించినది కూడా 1920, 1930 దశకాలలోనే. సుంకం రాయితీ, కొనేవాడి కలిమిలేమి, మన ఆకు ధర ఆనాడే ఒకదానితో ఒకటి ముడిపడినాయి.

1947లో బ్రిటన్‌కు డాలర్ల కొరత వచ్చింది. అమెరికా ఆకుకు డాలర్లు చెల్లించాలి. ఆర్థిక మంత్రి హ్యూ డాల్టన్ ఆ ఏడు బడ్జెట్టులో పొగాకు సుంకాన్ని పౌనుకు 35 షిల్లింగుల 6 పెన్నీల నుంచి 54 షిల్లింగుల 10 పెన్నీలకు పెంచినాడు. ఇది సగానికి పైగా పెరుగుదల. ఖజానా నింపుకోవడంతో పాటు, ప్రజలు పొగాకు తగ్గించాలన్నది ఆయన ఉద్దేశం. ఐతే పింఛను మీద బ్రతికే వృద్ధులకు ఇది భారమని గుర్తించి, వారికి పొగాకు టోకెన్లు ఇచ్చినారు. ఆ టోకెన్లు 1958 వరకు నడిచినాయి.

దీనిలో రెండు విషయాలున్నాయి. ధర పెరిగినప్పుడు దెబ్బ అందరికీ సమానంగా తగలదు. ఆదాయం నిలకడగా ఉండి, పెరిగే మార్గం లేనివారికి ఎక్కువ తగులుతుంది. ఇక రెండవది, అలవాటు సరుకుకు ధర వ్యాకోచత్వం తక్కువే గాని శూన్యం కాదు. ప్రపంచ బ్యాంకు 1999లో ప్రచురించిన నివేదిక ప్రకారం, సిగరెట్ల ధర 10 శాతం పెరిగితే ధనిక దేశాలలో వాడకం సుమారు 4 శాతం, పేద, మధ్యాదాయ దేశాలలో సుమారు 8 శాతం తగ్గుతుంది.

ఆదాయం పెరిగినా అమ్మకం పడిపోయింది

ఇప్పుడు అమెరికా వైపు చూద్దాం. 1964లో అక్కడి సర్జన్ జనరల్ నివేదిక సిగరెట్టుకు, ఊపిరితిత్తుల క్యాన్సరుకు గల సంబంధాన్ని ధ్రువపరచింది. పైపు వల్ల పెదవి క్యాన్సరు వస్తుందని అందులోనే చెప్పినా, చాలామంది సిగరెట్టు వదలి పైపుకు, చుట్టకు మళ్ళినారు. ఇది ఆదాయం వల్ల గాని, ధర వల్ల గాని వచ్చిన మార్పు కాదు, భయం వల్ల వచ్చినది. పైపు వల్ల నోరు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లు కూడా వస్తాయని తరువాతి పరిశోధనలు తేల్చినాయి.

1970లో అమెరికాలో పైపు పొగాకు అమ్మకం 5 కోట్ల పౌన్లకు పైగా ఉండేది. 2009 జనవరిలో నెలకు సుమారు 2 లక్షల 40 వేల పౌన్లు. అదే లెక్కన ఏడాదికి 29 లక్షల పౌన్లు మాత్రమే. ఈ నాలుగు దశాబ్దాలలో అమెరికన్ల సగటు ఆదాయం పెరిగింది. ఆదాయం పెరిగితే సరదా సరుకుకు గిరాకీ పెరగాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇక్కడ ఎందుకు పెరగలేదు?

పైపుకు డబ్బుతో పాటు తీరిక కావాలి. పొగాకు నింపాలి, అదమాలి, ఆరిపోతే మళ్ళీ వెలిగించాలి, చల్లారిన తరువాత శుభ్రం చేయాలి. గంట పనికి వచ్చే వేతనం పెరిగే కొద్దీ ఆ తీరిక ఖరీదు కూడా పెరుగుతుంది. దానికి తోడు ఆఫీసులలో, రైళ్ళలో, హోటళ్ళలో పొగత్రాగడం నిషేధించినారు. ఐదు నిమిషాల సిగరెట్టుకు బయట నిలబడవచ్చు గాని, ముప్పావు గంట పైపుకు వీలుకాదు. పాత తరం తగ్గిపోయింది, కొత్త తరం వచ్చి చేరలేదు. ఇట్టి క్షీణతను మంచికాలం ఆపలేదు, దానికి చెడ్డకాలం కారణమూ కాదు.

2009 నాటి వింత లెక్క

మొదట చెప్పిన అంకెకు ఇప్పుడు వద్దాం. 2009 ఏప్రిల్ 1న అమెరికా కేంద్ర ప్రభుత్వం పిల్లల ఆరోగ్య బీమా పథకానికి నిధుల కోసం పొగాకు పన్నులు పెంచింది. సిగరెట్టు పెట్టె మీద పన్ను 39 సెంట్ల నుంచి 1 డాలరు 1 సెంటుకు పెరిగింది. చేతితో చుట్టుకునే సిగరెట్ల పొగాకు మీద, పైపు పొగాకు మీద అంతవరకు పన్ను సమానం, పౌనుకు 1 డాలరు 10 సెంట్లు. కొత్త చట్టంలో చుట్టుకునే పొగాకు పన్ను 24 డాలర్ల 78 సెంట్లకు, పైపు పొగాకు పన్ను 2 డాలర్ల 83 సెంట్లకు చేరినాయి. తేడా పౌనుకు దాదాపు 22 డాలర్లు.

ఏది పైపు పొగాకు, ఏది చుట్టుకునే పొగాకు అన్నదానికి చట్టంలో ఉన్న నిర్వచనం సరుకు రూపం, ప్యాకింగు, లేబులు మీద ఆధారపడినది. కనుక తయారీదారులు చుట్టుకునే పొగాకును పైపు పొగాకు అనే లేబులుతో అమ్మినారు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2012లో ఇచ్చిన లెక్కల ప్రకారం, పైపు పొగాకు నెలసరి అమ్మకాలు 2009 జనవరిలోని 2 లక్షల 40 వేల పౌన్ల నుంచి 2011 సెప్టెంబరు నాటికి 30 లక్షల పౌన్లు దాటినాయి. అదే కాలంలో చుట్టుకునే పొగాకు సుమారు 20 లక్షల పౌన్ల నుంచి 3 లక్షల 15 వేల పౌన్లకు దిగింది.

రెండింటిని కలిపి చూడండి. మొదట 22 లక్షల 40 వేలు, తరువాత 33 లక్షల పౌన్లకు పైన. పెరిగిన 27 లక్షల పౌన్ల పైపు పొగాకులో సుమారు 17 లక్షలు ఒక పద్దు నుంచి మరొక పద్దుకు మారిన సరుకు. మిగిలిన 10 లక్షల పై చిలుకులో పెద్ద వాటా సిగరెట్టు పెట్టె కొనలేక, చవకగా చుట్టుకోవడానికి దిగినవారిదే అయి ఉండాలి. వారిని తెచ్చినది మాంద్యం, పన్ను రెండూ. పైపు సరదా మాత్రం పెరగలేదు. లేబులు మార్చినందువల్ల బ్రయర్ దుంప గిరాకీ పెరగదు గదా!

ఇట్టిదే మరొక పొరపాటు ముందస్తు కొనుగోలు. గాలి చొరని డబ్బాలో వర్జీనియా పైపు పొగాకు ఏళ్ళ తరబడి నిలువ ఉంటుంది, పాతబడితే రుచి పెరుగుతుందని ప్రియులు అంటారు. అందుచేత పన్ను పెరుగుతుందన్న వార్త రాగానే చేతిలో డబ్బున్నవారు నిలువ చేసుకుంటారు. పన్నుకు ముందు నెలలో అమ్మకం ఎగసి, తరువాతి నెలల్లో కుంగుతుంది. ఎగసినప్పుడు గిరాకీ పెరిగిందనుకోవడం, కుంగినప్పుడు వాడకం మానినారనుకోవడం రెండూ తప్పే.

మన మార్కెట్‌కు ఎందుకు?

గుంటూరు కేంద్రంగా 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రతి సీజనుకు పంట పరిమాణం నిర్ణయిస్తుంది. 1985 నుంచి మన రాష్ట్రంలో ఆకును వేలంలో అమ్ముతున్నారు. అమ్మకం వేలంలో జరిగినా, ఖర్చు దానికి ఎంతో ముందే జరిగిపోతుంది. నారు, కూలీ, బేరను వంటచెరకు, కౌలు, వీటన్నింటికీ రైతు డబ్బు పెట్టిన తరువాతనే ధర తెలుస్తుంది. పేరుకున్న నిల్వల వల్ల 2000-01లో పంట విరామమే ప్రకటించవలసి వచ్చింది. విదేశంలో ఏదో ఒక పద్దు పెరిగిందన్న వార్త విని అదనపు బేరనుకు కౌలు మాట్లాడుకున్న రైతుకు, ఆ పద్దు లేబులు మార్పు అని ఆరు నెలల తరువాత తెలిస్తే అప్పు మిగులుతుంది.

కనుక పొగాకు గిరాకీ పెరిగిందని గాని, తగ్గిందని గాని వార్త వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. పెరిగినది డబ్బులోనా, తూకంలోనా? ఆ నెలకు ముందు వెనుకలు పన్ను మారిందా? పక్క పద్దులో అంత మేరకు తగ్గుదల ఉన్నదా? కొత్త వాడుకరులు చేరినారా, పాతవారే నిలువ చేసుకున్నారా? ఈ నాలుగింటికి జవాబు దొరికిన తరువాతనే మాంద్యం మాట ఎత్తాలి. తూకం పెరిగి, పన్ను మారక, పక్క పద్దు తగ్గక, రెండు మూడేళ్ళు వరుసగా నిలిచినదే నిజమైన గిరాకీ. అంతవరకు అదనపు బేరను కౌలుకు చేయి చాపకపోవడం మంచిది.