కోడి ఉడకలేదు, నాన్నేమో బాగుందన్నారు

అక్కా,

నాకీమధ్యే ఉద్యోగం వచ్చింది. అమ్మానాన్నల పెళ్లిరోజుకి వాళ్లని తణుకు నుంచి హైదరాబాద్ రప్పించి, పిన్ని, తమ్ముడితో కలిపి ఐదుగురం ఓ బార్బెక్యూ రెస్టారెంట్‌కి వెళ్లాం. టేబుల్ మధ్యలో నిప్పులు పెట్టి, వాటిమీద చువ్వలు పెడతారు చూడండి, అలాంటిది. మనిషికి 900, ఎంతైనా తినొచ్చు. చాలాసేపు బంగాళాదుంపలు, మొక్కజొన్న, పైనాపిల్ ముక్కలే వచ్చాయి. అడగ్గా అడగ్గా తెచ్చిన చికెన్ టంగ్డీ పైన మాడింది. కొరికితే లోపల కండ సాగుతోంది, నెత్తురు నీళ్లు కారాయి. సీక్ కబాబ్ చల్లారి రబ్బరులా ఉంది.

మేనేజర్‌ని పిలుద్దామని నేను లేచేలోపే వడ్డించే కుర్రాడు ట్యాబ్ పట్టుకొచ్చి, "ఎలా ఉంది సార్? ఫైవ్ స్టార్ ఇవ్వండి సార్" అన్నాడు. నాన్న "చాలా బాగుంది బాబూ" అంటూ ఐదూ నొక్కేశారు. తర్వాత ఇంత పెరుగన్నం తిని లేచారు. బిల్లు 5,197 రూపాయల 50 పైసలు, అందులో సర్వీస్ చార్జీయే 450! ఎవరికీ ఒంట్లో ఏమీ కాలేదు గానీ, "అంత డబ్బు తగలేశావే" అని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా సాధిస్తోంది. తమ్ముడు ఆ కుర్రాడి పేరు పెట్టి గూగుల్‌లో రివ్యూ రాస్తానంటున్నాడు. నాకేమో నాన్న మీదే కోపం. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

అమ్మాయీ,

ముందు చికెన్ సంగతి. ఎముక దగ్గర ఎర్రగా ఉన్నంతమాత్రాన పచ్చిదనలేం. లేత కోడిలో మూలుగ రంగు దిగి, ఉడికాక కూడా ఎరుపు కనిపిస్తుంది. కానీ కండ సాగిందన్నావు, నెత్తురు నీళ్లు కారాయన్నావు. అయితే అది ఉడకనట్టే. ముక్క నడిమధ్య 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే గానీ సాల్మొనెల్లా లాంటి క్రిములు చచ్చాయని నమ్మడానికి లేదు. బొగ్గుల సెగకి పైన పూసిన మసాలా ఇట్టే మాడుతుంది, ఎముకదాకా వేడి చేరడానికి చాలాసేపు కావాలి. చాలాచోట్ల ముక్కల్ని వంటింట్లోనే కాల్చి తెస్తారు. టేబుల్ మీది నిప్పు అవి చల్లారకుండా ఉంచడానికే. కాబట్టి పచ్చిగా వచ్చినదాన్ని అక్కడే ఇంకాస్త కాల్చుకుందాంలే అని ఎప్పుడూ అనుకోకు. ముక్క విరిచి చూపించి వెనక్కి పంపు.

దుంపలు ముందు రావడాన్ని మాత్రం నేను తప్పుపట్టను. మనిషికింత అని రేటు కట్టినవాడు మాంసం తెచ్చేలోపు మన కడుపు నింపాలనే చూస్తాడు. వాడి లెక్క వాడిది. కబాబులు కనబడేదాకా నేనైతే పైనాపిల్ ముట్టను.

ఇక బిల్లు. సర్వీస్ చార్జీని రెస్టారెంట్లు తమంతట తామే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇస్తే గిస్తే టిప్పు మన ఇష్టం. నీ లెక్క చూడు: ఐదుగురికి 4,500, దానిమీద 5 శాతం జీఎస్టీ 225, కలిపి 4,725. వాళ్లు 450 వేసి, ఆ 450 మీద కూడా పన్ను పిండారు. నీకు వెనక్కి రావాల్సింది 472 రూపాయల 50 పైసలు. బిల్లు ఫోటో పెట్టి, చికెన్ సంగతీ చార్జీ సంగతీ రాసి మేనేజర్‌కి మెయిల్ చెయ్యి. వారంలో బదులు రాకపోతే 1915కి ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లుమీద 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు ఉంటుంది. పచ్చి కోడి గురించి ఫుడ్ సేఫ్టీ వాళ్లకి ఫిర్యాదు చేసేటప్పుడు అది పనికొస్తుంది. ముక్క ఫోటో తీయలేదు గనక పరిహారం మీద ఆశ పెట్టుకోకు. తనిఖీకి ఎవరైనా వెళితే అదే చాలు.

తమ్ముణ్ణి రివ్యూ రాయమను. ఏ రోజు, ఏ ముక్క, ఎలా ఉంది, ఫిర్యాదు చేస్తే వాళ్లేమన్నారు, అంతవరకే. కుర్రాడి పేరొద్దు. కోడిని వాడు కాల్చలేదు, చార్జీ వాడు వేయలేదు. స్టార్లు అడుక్కురమ్మని వాణ్ణి పంపిన పెద్దమనుషులు లోపలెక్కడో కూర్చునుంటారు.

మీ నాన్నకి వాడి ముఖం కనబడింది, నీ ముఖం కూడా. కూతురు మొదటిసారి డబ్బు పెట్టి పెళ్లిరోజు చేస్తుంటే నిండు హాల్లో "బాగాలేదు" అనగలిగే గోదావరి జిల్లా తండ్రిని నేనింకా చూడలేదు. ఆయన్ని నిలదీయకు. ఈసారి వచ్చినప్పుడు ఎక్కడ తిందామో ఆయన్నే అడుగు. చేపల పులుసు, వేడన్నం అంటారని నా పందెం.

అమ్మకి మాత్రం ఆ 472 చేతికొచ్చేదాకా ఈ లెక్కలేవీ చెప్పకు. సర్వీస్ చార్జీ మీద వేసిన పన్నుకి కూడా నిన్నే తిడుతుంది.