మెనూలో ఎన్ని పేజీలు ఉండాలి?

ప్రశ్న: మాది పెడన. కలంకారీ అద్దకం మా ఇంటి పని. నా పేరుతో వెబ్‌సైట్ పెట్టుకుంటున్నాను. మెనూలో పన్నెండు పేజీలు తేలాయి. ఫోన్‌లో అంతా గజిబిజిగా ఉంది. ఎలా సర్దుకోవాలి?
– ఒక పాఠకుడు, పెడన

జవాబు: మెనూని ఐదుకు కుదించండి: పనులు, తయారీ, ధరలు, నా గురించి, సంప్రదించండి. చీరలు, దుప్పట్లు, డ్రెస్ మెటీరియల్‌కు వేరే పేజీలొద్దు. 'పనులు' లోపలే విభాగాలు చేయండి. మూడు గీతల గుర్తు వెనక మెనూని దాచకండి, చాలామంది దాన్ని గమనించరు. ఫోన్ నంబరు ప్రతి పేజీ అడుగునా ఉండాలి.

కలంకారీ అనగానే కొందరికి శ్రీకాళహస్తి కలం పని గుర్తొస్తుంది. మీది చెక్క అచ్చులతో వేసే అద్దకమని మొదటి పేజీ మొదటి వాక్యంలోనే చెప్పండి. 'తయారీ' పేజీలో కరక్కాయ నీళ్లలో తడిపిన బట్ట, టేకు అచ్చు, ఉతుకు, ఇలా వరుసగా ఒక్కో ఫొటో, కింద రెండు వాక్యాలు చాలు. ఫోన్‌లో అన్నీ ఒకే నిలువు వరుసలో రావాలి.

తెలుగు అక్షరాలకు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే 'మండలి' బాగుంటుంది. అవనిగడ్డ నేత మండలి వెంకట కృష్ణారావు పేరే దానికి పెట్టారు. వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్ల కన్నా తగ్గితే 'రాష్ట్రం' లాంటి మాటల్లో ఒత్తులు కింది వరుసను తాకొచ్చు. వెబ్‌సైట్లు అందరికీ వాడుకోవడానికి వీలుగా ఉండాలని చెప్పే 2023 నాటి డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లుండాలి; మీరు 44 పెట్టండి.

చివరగా, ఇంట్లో పెద్దవాళ్లకు ఫోనిచ్చి చీర ధర వెతకమనండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ సరిచేయండి.