తాతలనాటి కాశ్మీరు శాలువ

పండితులకును గాయకులకును సభలలో కప్పెడి శాలువను మనమెల్లరము చూచియే యున్నాము. దానిని దుశ్శాలువ యనియు నందురు. మొదటి యక్షరమును బట్టి యది చెడ్డ శాలువ యని యెవరును తలపరాదు. పారసీకమున ‘దో’ యనగా రెండు. శాలువలను జంటగా ధరించు వాడుకనుండి వచ్చిన మాట యది. అక్బరు చక్రవర్తి యట్లు ధరించుటకు మొదలిడెనని అబుల్ ఫజలు తన అయినీ అక్బరీలో వ్రాసియున్నాడు. 1586వ సంవత్సరమున కాశ్మీరము అక్బరునకు వశమయ్యెను. అటుపిమ్మట ప్రభువులు తమ కొలువువారి కిచ్చు ఖిల్లతులలో కాశ్మీరు శాలువ ముఖ్యమైనదిగ నుండెను. కాశ్మీరమున పెండ్లికూతునకు పుట్టింటివా రిచ్చు వస్త్రములలోను దానికి చోటు కలదు. ఈ విధముగ ఇండ్లలోనికి చేరిన శాలువలు తల్లినుండి కూతునకు, తాతనుండి మనుమనికి వచ్చుచు కొన్ని నేటికిని పెట్టెలలో నున్నవి.

పెట్టె తెఱచినవారు మొదట చూచునది పురుగు కొట్టిన రంధ్రములను, అతుకులను. ఒకరు దానిని పాతబట్టల వర్తకున కమ్ముద మందురు. వేఱొకరు అన్నదమ్ములకు తలా యొక ముక్కగ కోసి పంచుద మందురు. పొలమును పంచినట్లు శాలువను పంచరాదు. పొలము ముక్కయైనను పండును. కత్తెర పట్టుటకు ముందు ఆ వస్త్రమును చదువ నేర్వవలెనని మా యభిప్రాయము.

దాని యున్ని గొఱ్ఱెది కాదు, మేకది. లడకులో 4,000 మీటర్లకు మించిన యెత్తున చాంగ్‌తాంగ్ అను బయలు ప్రదేశము కలదు. అచ్చటి ఘోరమైన చలికి మేకల పైవెండ్రుకల క్రింద మెత్తని నూగు మొలచును. దీనికే పష్మ మని పేరు. వేసవి రాగానే అది తనంతట రాలుచుండగా దువ్వెనతో దువ్వి తీయుదురు. ఒక్కొక్క పోగు మందము 12 మొదలు 15 మైక్రానులు మాత్రమే, అనగా మన తలవెండ్రుకలో సుమా రైదవ వంతు. దీనిని శ్రీనగరపు స్త్రీలు బియ్యపు పిండితో శుభ్రపఱచి రాట్నముపై వడకుదురు.

నేతలోని విశేషము మఱింత యాశ్చర్యకరము. సామాన్యమైన మగ్గమున నాడె యొక అంచునుండి రెండవ యంచువఱకు పరుగెత్తును. కణి శాలువకు నాడె లేదు. ఒక్కొక్క రంగు దారమును ఒక్కొక్క సన్నని కొయ్యపుల్లకు చుట్టుదురు. ఈ పుల్లయే కణి. పువ్వులోని యెఱుపు పువ్వు హద్దు దాటదు; అచ్చట ప్రక్క రంగుతో ముడివడి వెనుకకు మరలును. ఇట్టి పుల్లలు ఒక్క వరుసలో వందలకొలది యుండవచ్చును. నేయువాని యెదుట బొమ్మ యుండదు. ఏ రంగు ఎన్ని పోగులు నడువవలయునో తెలుపు గుర్తుల వ్రాత యుండును. దానిని తాలీ మందురు. మనవారు సాముగరిడీల చోటును తాలీముఖానా యనుటలో నున్న తాలీమును ఇదియే. శిక్షణ యని యర్థము. ఒకడు పాఠమువలె పైకి చదువుచుండగా తక్కినవారు నేయుదురు. గొప్ప శాలువకు ఏడాదికి పైగా పట్టుట కలదు. అందువలన 19వ శతాబ్దమున ఒకే శాలువను ముక్కలుగ అనేక మగ్గములపై నేయించి, రఫూ పనివారిచే కంటికి కానరాని కుట్లతో చేర్పించుచుండిరి. కావున అతుకు కనబడినంతనే శాలువ చెడిన దనరాదు. అందమైన పాత అంచును విప్పి క్రొత్త నడిమిబట్టకు చేర్చుటయు కలదు గనుక ఒక్క శాలువకే రెండు వయస్సు లుండవచ్చును.

వయస్సును తెలుపునది ముఖ్యముగ చెఱగులోని బుటా. 17వ శతాబ్దమున అది విడివిడి పూలతో నిలిచిన సన్నని మొక్క. కొన్నిట వేళ్లుకూడ కానవచ్చును. తరువాతి శతాబ్దమున పూలు గుత్తియై కొన వంగినది. 19వ శతాబ్దమున మొక్క పోయి, కొన వంపు మాత్రము మిగిలి, మన నేతవారు మామిడిపిందె యను రూపము గట్టిపడినది. నానాటికి పొడవై వస్త్రమంతటను ప్రాకినది. ఇంగ్లీషువారు దీనిని పెయిస్లీ యందురు. అది స్కాట్లండులో కాశ్మీరు శాలువకు నకళ్లు నేసిన యూరి పేరు! మన పిందెకు వారి యూరి పేరు నిలుచుట చిత్రమే. నకలును గుర్తించుటకు శాలువను తిరుగవేసి చూడవలెను. జాకార్డు మగ్గముపై నేసిన దానిలో అక్కఱలేని రంగులు వెనుక వ్రేలాడగా కత్తిరించిన కొనలు కనబడును. కణి నేతలో అట్టివి యుండవు.

ఇంత పని చేసినవాని బ్రదుకెట్టిది? ప్రభుత్వమువారు ప్రతి శాలువకు ముద్రవేసి పన్ను గైకొనుచుండిరి. దానికి దాగ్-షాల్ అని పేరు. 1846 మార్చి 16వ తేదీని అమృతసరపు సంధిచే గులాబ్ సింగు ఏటేట ఆంగ్లేయుల కిచ్చుట కొప్పుకొన్న కానుక ఒక గుఱ్ఱము, పండ్రెండు శాలువ మేకలు, మూడు జతల శాలువలు. శాలువకు రాజ్యములలో నంతటి గౌరవ ముండగా, 1865 ఏప్రిలు 29వ తేదీని శ్రీనగరములోని జాల్డగర్ అను చోట పన్నుల భారముపై మొఱపెట్టుకొన గుమిగూడిన నేతగాండ్రను సైనికులు తఱిమిరి. అందు పెక్కుమంది నీట బడి మడిసిరి. ఆపై 1870–71 నాటి యుద్ధముతో ఫ్రాన్సు బేరము పడిపోయెను. 1877 మొదలు 1879 వఱకు వచ్చిన కఱవు మిగిలినవారిలో ననేకులను పొట్టబెట్టుకొనెను. నేయు చేతులతోపాటు తాలీములును పోయినవి. కనిహామా అను గ్రామమున ఆ నేత మరల సాగుచున్నది, సంతోషమే; అయినను పోయిన తాలీముల పాఠము ఇండ్ల పెట్టెలలోని పాత వస్త్రములందే నిలిచియున్నది. వాటిని కోయుట ప్రతి లేని గ్రంథమును చింపుటయే యగును.

భద్రపఱచు విధము కష్టమైనది కాదు. పురుగు చెమటయు మరకయు నున్నచోటనే ముందు పట్టును గనుక మాసిన శాలువను పెట్టెలో పెట్టరాదు. రంగు దిగవచ్చును గనుక ఇంట ఉదుకను రాదు. ఒకే మడతపై నేండ్ల తరబడి యుంచిన అచ్చటనే తెగును. శుభ్రమైన నూలుబట్టను లోపలనుంచి చాపవలె చుట్టుట మేలు. ఏటికి రెండు మూడు మారులు నీడను విప్పి గాలి తగులనీయవలెను. అన్నదమ్ములు పలువు రున్నచో ఏడాది కొకరి యింట నుంచుకొనవచ్చును. ఊడిన పోగులను, రాలిన చిన్న ముక్కలను మాత్రము చెత్తలో వేయక యొక సంచిలో దాచవలెను. రఫూ చేయువానికి ఆ రంగు, ఆ వయస్సు గల దారము బజారున దొరకదు.