వెల్డింగు నేర్వబోయే చిరంజీవికి: రాడ్డు ముందా, తీగ ముందా?



వెల్డింగు కొత్తగా నేర్చుకునేవారు మొదట రాడ్డు మెషీన్ కొనాలా, తీగ మెషీన్ కొనాలా అన్నది ధరలను బట్టి కాక, చేయబోయే పనిని బట్టీ, అది జరిగే చోటును బట్టీ తేల్చుకోవలసిన విషయం. రెండింటిలోనూ ఇనుమును కరిగించేది ఆర్క్, అనగా రాడ్డు లేదా తీగ కొనకూ ఇనుముకూ నడుమనున్న సన్నని ఎడాన్ని కరెంటు దాటేటప్పుడు పుట్టే తీక్షణమైన మెరుపు; తేడా అంతా కరిగిన లోహానికి గాలి సోకకుండా కాపాడే తీరులో ఉంది. రాడ్డు మీది పూతను ఫ్లక్స్ అంటారు. అది కాలి వాయువుగా మారి అతుకును కప్పుతుంది, మిగిలినది స్లాగ్ అనే గాజులాంటి పెంకుగా గట్టిపడి, చల్లారాక సుత్తితో కొడితే రాలిపోతుంది. వర్క్‌షాపులలో మిగ్ అనీ, సీఓటూ అనీ పిలిచే తీగ పద్ధతిలోనైతే, చుట్టలోని సన్నని తీగను మెషీనే టార్చిలోకి నెడుతూ ఉంటుంది, సిలిండరు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గానీ, అది కలిసిన ఆర్గాన్ గానీ అతుకును కాపాడుతుంది.

తెలుగునాట చిన్న వెల్డరు చేతికి వచ్చే గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు, ట్రాక్టరు ట్రాలీల మరమ్మతులు చాలావరకు ఆరుబయటే జరుగుతాయి. అక్కడ గాలి కాస్త విసురుగా వీస్తే తీగ పద్ధతిలోని సిలిండరు వాయువు చెదిరి అతుకు నిండా సన్నని చిల్లులు పడతాయి. సిలిండరును మేడ మీదికి మోయడం మరొక ప్రయాస. గ్యాస్ అక్కరలేని ఫ్లక్స్ తీగ దొరుకుతుంది గానీ, దానికి ప్లస్, మైనస్ కేబుళ్లను తారుమారు చేయవలసి ఉంటుందన్న సంగతి కొత్తవారికి తట్టదు.

రాడ్డుతో మొదలుపెట్టడానికి ఇంతకంటే ముఖ్యమైన కారణం వేరే ఉంది. తీగ మెషీన్‌తో కొద్దిపాటి సాధనకే నున్నని బీడ్, అనగా అతుకు గీత, వస్తుంది. అయితే కరెంటు చాలనప్పుడు మందపు ప్లేటు మీద ఆ బీడ్ అడుగున ఇనుము కరగకుండానే పైన పేరుకుంటుంది, చూపుకు మాత్రం చక్కగానే కనిపిస్తుంది. రాడ్డు అంత తేలికగా మోసపోనివ్వదు: ఎడం తగ్గితే అతుక్కుపోతుంది, పెరిగితే చిటపటలాడుతూ తుంపరలు చిమ్ముతుంది, కరెంటు చాలకపోతే బీడ్ ఉబ్బెత్తుగా నిలబడుతుంది. రాడ్డు అరిగేకొద్దీ చేతిని కిందికి దించుతూ, కరిగిన లోహాన్నీ దాని వెనుక తేలే స్లాగునూ వేరుచేసి చూడడం అలవడిన కన్ను తర్వాత తీగ పనిలోనూ పొరపడదు. కనుక మొదట రాడ్డే నేర్వడం మేలు. కారు బాడీలు, ఒక మిల్లీమీటరు రేకులు, ఫర్నిచరు ఫ్యాక్టరీలో ఉద్యోగం లక్ష్యమైనవారు మాత్రం తీగతోనే ఆరంభించవచ్చు. పలచని రేకును రాడ్డు ఇట్టే కాల్చి తూటు పొడుస్తుంది.

సింగిల్ ఫేజ్ మీద నడిచే ఇన్వర్టర్ మెషీన్ ఆరంభానికి సరిపోతుంది. దాని మీద రాసిన ఆంపియర్ల కంటే డ్యూటీ సైకిల్ చూడడం అవసరం. 60 శాతం అంటే ఆ కరెంటు వద్ద పది నిమిషాలలో ఆరు నిమిషాలు పని, నాలుగు నిమిషాలు విశ్రాంతి అని అర్థం. రాడ్డు 6013 రకానిది, 2.5 మిల్లీమీటర్లది తీసుకుని, సుమారు 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య సాధన చేయాలి. 6013 అన్న సంఖ్యలో 60 అంటే చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడుకు తాళే బలం, 1 అంటే నిలువునా, తలపైనా, ఏ స్థితిలోనైనా వాడదగినదని, చివరి అంకె పూతకూ కరెంటు రకానికీ గుర్తు.

కళ్ల విషయంలో రాజీ తగదు. పది లేదా పదకొండు నంబరు నల్ల అద్దం లేకుండా ఒక్క టాక్, అనగా చిన్న చుక్క అతుకు, కూడా వేయరాదు. క్షణం చూసినా, కొన్ని గంటల తర్వాత రాత్రివేళ ఇసుక పోసినట్టు కళ్లు మండుతాయి. జింకు పూసిన పైపులను పూత గీకివేయకుండా కాల్చితే ఆ పొగ వల్ల చలిజ్వరం రావచ్చు.

నేర్చినది పరీక్షించుకోవడానికి 6 మిల్లీమీటర్ల పట్టీ ముక్కలు రెండింటిని టీ ఆకారంలో నిలిపి, ఒక వైపు మాత్రమే అతికి, చల్లారాక కింది ముక్కను వైస్‌లో బిగించి, అతకని వైపు నుంచి నిలువు ముక్కను అతుకు మీదికి వంగేలా సమ్మెటతో కొట్టాలి. విరిగిన చోట మూలలో పట్టీ అంచు గీత చెక్కుచెదరక కనబడితే అక్కడ ఇనుము కరగలేదన్నమాట. కరెంటు ఐదారు ఆంపియర్లు పెంచి, చేతి వేగం తగ్గించి, మరో రెండు ముక్కలు అతకాలి.


పెదనాన్న