ఎక్స్ పడిన ఇంటికి మళ్లీ వెళ్లేదెవరు?

పల్స్ పోలియో ఆదివారాలు గుర్తున్నాయా? బడి వరండాలో ఓ బల్ల, పక్కన ఐసు నింపిన టీకా డబ్బా, చుక్కలు వేయించుకున్న పిల్లాడి చిటికెన వేలికి సిరా గుర్తు. వెనక బ్యానరు మీద రోటరీ చక్రమో, లయన్స్ బొమ్మో. ఫొటోలన్నీ ఆ రోజువే. అసలు పని మర్నాడు మొదలయ్యేది. బృందాలు ఇంటింటికీ తిరిగి, పిల్లలందరికీ చుక్కలు పడ్డ ఇంటి గోడ మీద సుద్దతో ‘పి’ అని రాసేవి. పిల్లాడు అమ్మమ్మగారి ఊరెళ్లినా, తలుపుకి తాళం ఉన్నా, తండ్రి వద్దని భీష్మించినా ఆ గోడ మీద ‘ఎక్స్’ పడేది. ఎక్స్ పడిన ఇంటికి మళ్లీ వెళ్లాలి. తాళం తీసేదాకా, తండ్రి సరేననేదాకా వెళ్లాలి.

రోటరీ సంస్థ పోలియోని తన ప్రపంచ కార్యక్రమంగా తలకెత్తుకున్నది 1985లో. మన దేశంలో పల్స్ పోలియో మొదలైంది 1995లో. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న మనల్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. ఈ ఘనతలో సింహభాగం ఆరోగ్య సిబ్బందిది, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలది. క్లబ్బులు డబ్బిచ్చాయి, ప్రచారం చేశాయి, మనుషుల్నిచ్చాయి. కానీ అందరూ కలిసి గెలిచింది ఎక్స్ ఇళ్ల దగ్గరే. ఆదివారం బల్ల దగ్గరికి తమంతట తాము వచ్చిన పిల్లలతోనే సరిపెట్టుకుని ఉంటే పోలియో ఇప్పటికీ మన మధ్య తిరుగుతుండేది.

“సేవ చేయాలని ఉందండీ, టైమే చిక్కడం లేదు” అని చాలామంది అంటుంటారు. టైముకేం, ఆదివారం పూట రెండు గంటలు ఎవరికైనా చిక్కుతాయి. చిక్కనిది రెండోసారి వెళ్లే ఓపిక. మీలో మార్పు రావాలనుకుంటే సేవలో ఆ రెండోసారిని పట్టుకోండి.

పశ్చిమ కృష్ణా మెట్టలో సేవ చేసేవాళ్లకు కొదవేం లేదు. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద ఇది ఎన్టీఆర్ జిల్లా. పెద్దవాళ్ల నోట మాత్రం ఇప్పటికీ కృష్ణా జిల్లానే. నందిగామలో, జగ్గయ్యపేటలో లయన్స్, రోటరీ, వాసవి క్లబ్బుల పేర్లు తెలియనివాళ్లుండరు. ఏ పేరూ పెట్టుకోని కుర్రాళ్ల బృందాలు సరేసరి. రోహిణీ కార్తెలో ఎండ 45 డిగ్రీలు తాకే ఊళ్లివి. చలివేంద్రం ప్రారంభించే రోజు కుండల చుట్టూ పదిమంది నిలబడతారు. పదో రోజు పొద్దున్నే ఆ కుండ కడిగి నీళ్లు నింపింది ఎవరు? ఆ పేరు మీకు తెలిస్తే ఆ చలివేంద్రం నిజంగా నడుస్తోందన్నమాట.

కంటి శిబిరం సంగతి కాస్త వివరంగా చూద్దాం. లయన్స్ వాళ్లకిది వంశపారంపర్యం లాంటిది. చికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి 1917లో ఆ సంస్థకు అంకురం వేశాడు. 1925లో హెలెన్ కెల్లర్ వాళ్ల సభకొచ్చి, చూపులేనివాళ్ల పక్షాన నిలబడమని అడిగింది. ఆ రోజు ఒప్పుకున్న పనే వత్సవాయి మండలంలో ఏదో ఊరి బడి వరండా దాకా వచ్చింది. పొద్దున తొమ్మిదికి వరస మొదలవుతుంది. పేరు, ఊరు, వయసు (“అరవయ్యో డెబ్బయ్యో రాసుకో నాయనా”), తర్వాత బీపీ, షుగరు, ఆ తర్వాత కంట్లో టార్చి లైటు. పొర ముదిరినవాళ్లను బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్తారు. నల్లద్దాలతో దింపుతారు. పేపర్లో వార్త వస్తుంది. అంతవరకు బాగానే ఉంది.

ఆ వరసలో ఇంకో రకం వాళ్లుంటారు. “షుగరు ఎక్కువుందమ్మా, తగ్గించుకుని రా” అని పక్కన పెట్టినవాళ్లు. ఎలా తగ్గించుకోవాలి? ఎవరి దగ్గరికి రావాలి? ఏ తారీఖున రావాలి? చేతిలో పెట్టిన చీటీ మీద ఇవేవీ ఉండవు. ఆవిడ ఇంటికెళ్లి ఆ చీటీని దేవుడి పటం వెనక దోపుతుంది. మళ్లీ శిబిరం మొహం చూడదు. శిబిరం లెక్కల్లో ‘పరీక్షించినవారు’ అన్న గడిలో మాత్రం ఆవిడ ఉంటుంది. సుద్దముక్క లేదు గానీ, అది ఎక్స్ పడిన ఇల్లే.

మీరు పట్టుకోవాల్సిన పని ఇక్కడుంది. ఒక రిజిస్టరు తీసుకోండి. పేరు, ఊరు, కొడుకుదో పక్కింటివాళ్లదో ఫోన్ నంబరు, ఎందుకు వాయిదా పడింది, మళ్లీ ఎప్పుడు అడగాలి, అంతే రాసుకోండి. వారానికోసారి ఫోన్ చేయండి. మొదటిసారి “ఎవరయ్యా నువ్వు, డబ్బులేమన్నా కట్టాలా?” అంటారు. రెండోసారి కొడుకు ఎత్తి విసుక్కుంటాడు. మూడోసారి ఆవిడే అడుగుతుంది, “బస్సెప్పుడొస్తది నాయనా?” అని. నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడటం నేర్చుకోవడానికి వేలు పోసి కోర్సుల్లో చేరుతున్నారు మన పిల్లలు. ఒక్క నెల ఈ రిజిస్టరు పట్టుకుని ఫోన్లు చేస్తే విసుక్కున్న గొంతుకి ఓపిగ్గా జవాబు చెప్పడం వస్తుంది. చెప్పిన రోజున చెప్పినట్టు ఫోన్ చేయడం అలవాటవుతుంది. అవతలివాళ్ల భయాన్ని వాళ్ల మాటల్లోంచి పసిగట్టడం కూడా తెలుస్తుంది. నా లెక్కలో ఈ మూడూ ఉన్నవాడికి ఏ ఇంటర్వ్యూ పెద్ద గండం కాదు.

ఆపరేషన్ అయినవాళ్ల విషయంలోనూ పని మిగిలే ఉంటుంది. నాలుగైదు వారాలు చుక్కల మందు వేయాలి. పిల్లలు హైదరాబాద్‌లో ఉండి ఒంటరిగా బతికే అవ్వకు ఆ చుక్కలు ఎవరు వేస్తారు? పక్కింట్లో పదో తరగతి పిల్ల ఉంటే ఆమెకు నేర్పించి రండి. చేతులు కడుక్కోవడం, కింది రెప్ప లాగి పట్టుకోవడం, సీసా మూతి కంటికి తగలకుండా చూడటం. పది నిమిషాల పని. నెల తర్వాత అద్దాల పరీక్షకు తీసుకెళ్లడం ఇంకో పని. శిబిరం తేదీ కూడా క్లబ్బు వీలును బట్టి పెట్టేది కాదు. ఇది మిరప, పత్తి పండే మెట్ట. కోతల రోజుల్లో శిబిరం పెడితే రానివాళ్లకు నిర్లక్ష్యం అని పేరు పెట్టేస్తాం. వాళ్లకు పోయేది ఆ రోజు కూలి.

రక్తదానం గురించి రెండు ముక్కలు చాలు. ఎర్రకణాలు మహా అయితే 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. నాయకుడి పుట్టినరోజున ఒకేసారి వందల సీసాలు తీసి, కాలేజీలకు సెలవులిచ్చిన మే నెలలో ఒక్క సీసా కోసం వాట్సాప్‌లో వేడుకోవడం మనకు మామూలైపోయింది. తలసీమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్లకు పుట్టినరోజులతో పని లేదు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వొచ్చు. కాబట్టి శిబిరం రోజున ఇవ్వకండి అని కూడా అంటాను నేను. మీ పేరు, గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ రాసిచ్చి, పిలిచినప్పుడు వెళ్లండి.

ఇక వరద. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్–విజయవాడ హైవే మీదికి నీళ్లెక్కాయి. ఏడాది తిరిగిందో లేదో, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు మళ్లీ అదే తంతు. జగ్గయ్యపేట నీట మునిగింది. దిగువన బుడమేరు విజయవాడను ముంచింది. ప్రకాశం బ్యారేజీ నుంచి మునుపెన్నడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. అప్పుడు పులిహోర పొట్లాలు కట్టనివాళ్లు లేరు, అది మనవాళ్ల గొప్పతనం. నీళ్లు తీశాక మాత్రం ఇళ్లల్లో మోకాలి లోతు బురద, తడిసి ముద్దయిన ఆధార్ కార్డులు, పట్టాదారు పుస్తకాలు, పిల్లల నోటుపుస్తకాలు మిగులుతాయి. దరఖాస్తు నింపడం రాని రైతు పంట నష్టం జాబితాలోంచి జారిపోతాడు. బీటెక్ చదివిన కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని పంచాయతీ అరుగు మీద మూడు రోజులు కూర్చుంటే ఎంత పని జరుగుతుందో ఊహించుకోండి. పొట్లం మోయడం కంటే అతను చేయగలిగింది అదే.

ఇంకో మాట. మున్నేరు మన దగ్గర పుట్టదు. ఖమ్మం మీదుగా దిగి వస్తుంది. అక్కడ పొంగిన నీళ్లు ఇక్కడికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఖమ్మం క్లబ్బులో ఒక మిత్రుడి నంబరు మీ ఫోన్‌లో ఉంటే ఆ కొన్ని గంటలూ మీ చేతిలో ఉన్నట్టే. రాష్ట్రాలు వేరైనా ఏరు ఒక్కటే గదా!

మున్నేరు అనగానే పెనుగంచిప్రోలు, పెనుగంచిప్రోలు అనగానే తిరుపతమ్మ తిరునాళ్లు. ఆ ఊళ్లోనే 1889 జూన్ 2న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పుట్టాడన్న సంగతి అంతగా గుర్తు రాదు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి, ఉద్యోగం వదులుకుని, ‘రామదండు’ అనే వాలంటీర్ల దండు కట్టిన ఆంధ్రరత్న ఆయన. 1921లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు వెల్లువలా వచ్చిన జనాన్ని అదుపులో పెట్టింది కాషాయ బట్టలు, రుద్రాక్షలు వేసుకున్న ఈ వాలంటీర్లే. ఆ ఏడే చీరాల–పేరాల జనం మునిసిపల్ పన్నులు కట్టలేమని ఊరు ఖాళీ చేసి, బయట రామనగర్ అనే పాకల ఊళ్లో దాదాపు 11 నెలలున్నారు. ఊరంతా ఒక్క రోజు నిరసన తెలపడం వేరు, ఎండకీ వానకీ అన్ని నెలలు పాకల్లో గడపడం వేరు. ఉపన్యాసం విని లేచొచ్చిన జనాన్ని అన్నాళ్లు నిలబెట్టడానికి రోజూ పొద్దున్నే లేచి పని చేసే దండు కావాలి. గోపాలకృష్ణయ్య గొప్ప వక్త, చమత్కారి. ఆ చాటు కబుర్లే ఎక్కువ చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆయన దండే ఎక్కువ గొప్పగా కనిపిస్తుంది. ఆయన 1928లో, నలభై నిండకుండానే పోయాడు.

ఇప్పటి క్లబ్బులు దండులు కావు, అయినా వాటి కట్టుబాట్లలో మనిషిని దిద్దే గుణం ఉంది. లయన్స్, రోటరీల్లో అధ్యక్ష పదవి ఒక్క ఏడాదే, జులై 1 నుంచి జూన్ 30 దాకా. మైకు పట్టుకోవడానికి వణికే ఎరువుల కొట్టు యజమాని కూడా ఓ జులైలో కుర్చీ ఎక్కాల్సిందే, మరుసటి జులైలో దిగాల్సిందే. దిగాక మళ్లీ కుర్చీలు సర్దడం నేర్చుకునేవాడు నిజంగా ఎదిగినట్టు. లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అని ఒకాయన ఉంటాడు, సమావేశంలో సరదాగా జరిమానాలు వేయడమే ఆయన ఉద్యోగం. ఊళ్లో పెద్దమనిషినని విర్రవీగేవాడు పది రూపాయలు జరిమానా కట్టి నవ్వుతూ కూర్చోవాలి! ఇంతకంటే చవకైన వైద్యం అహంకారానికి నేనెక్కడా చూడలేదు. జనం దగ్గర వసూలు చేసిన డబ్బు జనానికే, క్లబ్బు ఖర్చులు సభ్యుల చందాల్లోంచే అన్నది ఇంకో నియమం. రెండు లెక్కలూ కలవకూడదు. కుర్రాళ్లకు నేనిచ్చే సలహా, అధ్యక్ష పదవి ఆశించకముందు ఒక ఏడాది కోశాధికారిగా చేయండి. పది రూపాయల రసీదు కూడా రాసే అలవాటు మీ ఇంటి లెక్కలకూ పనికొస్తుంది.

ఏడాది పదవికి ఒక చీడ కూడా ఉంది. కొత్త అధ్యక్షుడికి కొత్త పథకం కావాలి. పోయినేడాది నాటిన మొక్కలు పాత అధ్యక్షుడి ఖాతా కాబట్టి ఎండిపోతాయి. దానికి తోడు పదవీ స్వీకార సభలో శాలువాలు, బొకేలు, ఫ్లెక్సీలు. ఇవి చూసే చాలామంది క్లబ్బులంటే దూరం జరుగుతారు. జరగకండి. లోపలికి వెళ్లి ఒక్క శాలువా తగ్గించగలిగినా మేలే.

చిన్న ఊరి చందా ఎక్కడికి పోతుందన్న అనుమానం కూడా వద్దు. రోటరీ ఫౌండేషన్‌కు మొదట అందిన విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. ఆ నిధే పెరిగి పెరిగి పోలియో చుక్కలకు వందల కోట్ల డాలర్లు మోసింది. లయన్స్‌కూ 1968 నుంచి అలాంటి నిధి ఉంది. అమెరికాలో స్థిరపడ్డ మన ఊరి పిల్లలు సాయం చేస్తామన్నప్పుడు డబ్బు ఒక్కటే అడగకండి. వాయిదా పడ్డ పది మంది పేర్లిచ్చి, వారానికోసారి వాళ్లనే ఫోన్ చేసి కనుక్కోమనండి. అవ్వతో తెలుగులో నాలుగు మాటలు మాట్లాడటానికి వీసా అక్కర్లేదు.

క్లబ్బులో చేరాలనుకుంటే జూన్‌లో వెళ్లండి, కొత్త ఏడాది పనులు పంచుకునే వేళ అది. ఏ పని ఇస్తారో చూద్దామని ఊరికే కూర్చోవద్దు. కార్యదర్శి పక్కన చేరి, పోయినేడాది కంటి శిబిరంలో వాయిదా వేసినవాళ్ల జాబితా ఉందా అని అడగండి. ఉంటే ఆ రాత్రే మొదటి ఫోన్ చేయొచ్చు. లేదంటే, ఆ శిబిరం పెట్టిన ఊరికి బస్సు ఎన్నింటికో కనుక్కోండి.