పని సాగుతున్న ఇంట్లో అద్దె

మన ఊళ్ళలో కింది వాటా పూర్తికాగానే అద్దెకిచ్చి, వచ్చే డబ్బు ఆసరాతో పై అంతస్తు కట్టుకునేవారు ఎందరో. పైన సెంట్రింగు చెక్కలు విప్పుతుంటే కింద అద్దెవారు అన్నం వండుకుంటూ ఉంటారు. "కొంచెం సర్దుకోండమ్మా" అంటే సరిపోతుంది.

అమెరికాలోనూ ఇటువంటి అవసరం ఉంది. కాలిఫోర్నియాలో 2017 నుండి పెరట్లో చిన్న రెండో ఇల్లు కట్టుకోవడం చట్టరీత్యా సులభమైంది. ముందరి ఇంట్లో అద్దెవారు ఉండగానే వెనుక పునాది తవ్వుతారు. అయితే అక్కడ "సర్దుకోండి" అన్న మాట చాలదు. ఎందుకో చూద్దాం.

1966లో వాషింగ్టన్ నగరంలోని క్లిఫ్టన్ టెర్రస్ అనే భవనాలలో కొందరు అద్దె కట్టలేదు. యజమాని ఖాళీ చేయించమని కోర్టుకెక్కాడు. గృహనిబంధనలకు విరుద్ధమైన లోపాలు దాదాపు 1500 ఉన్నాయని అద్దెవారు వాదించారు. 1970లో అప్పీలు న్యాయస్థానం వారి వాదాన్ని మన్నించింది. అద్దె ఇచ్చేది నాలుగు గోడలకు కాదు, నివసించదగిన ఇంటికి అని న్యాయమూర్తి స్కెల్లీ రైట్ తీర్పు సారం. వెలుతురు, వెచ్చదనం, పనిచేసే కుళాయిలు, గట్టి తలుపులు అన్నీ అందులో భాగమే. 1974లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా ఇదే దారి పట్టింది.

కాబట్టి పెరట్లో పని జరుగుతున్నదని ముందరి ఇంటికి నీళ్ళు, కరెంటు రోజుల తరబడి ఆపివేయడానికి వీల్లేదు. పనివాళ్ళతో ఇంట్లోకి రావాలన్నా యజమాని సాధారణంగా 24 గంటల ముందు వ్రాతమూలకంగా తెలపాలి. కొత్త ఇంటిని అధికారులు తుది తనిఖీ చేసి అనుమతించిన తరువాతే అద్దెకివ్వాలి.

అన్నిటికంటె భయపడవలసింది ధూళికి. 1978కి ముందు కట్టిన ఇళ్ళ రంగులలో సీసం ఉండవచ్చు. గోడ గీకితే ఆ పొడి నేలపై పడుతుంది. పాకే పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు గదా! సీసం వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే 2010 ఏప్రిల్ నుండి అటువంటి అద్దె ఇళ్ళలో పాత రంగును కదిలించే మరమ్మతులు శిక్షణ, ధ్రువీకరణ పొందినవారే చేయాలి. ఖర్చు మిగులుతుందని తానే గీకబోయే యజమానికీ ఈ నియమం వర్తిస్తుంది.

అభ్యాసం: మీరు అద్దెకున్న ఇంటి పెరట్లో ఆరు నెలలు పని సాగుతుందనుకోండి. పని వేళలు, కారు నిలిపే చోటు, నీళ్ళు ఆపే రోజులు, అద్దె తగ్గింపు గురించి ఒప్పందంలో ఏమేమి వ్రాయమంటారు? మీరే యజమాని అయితే వాటిలో వేటికి ఒప్పుకుంటారు?