రెండంగుళాలు తక్కువైన తాడు

ఈ రోజు దామోదర లీలలో ఒక చిన్న పాయింట్ చూద్దాం.

భాగవతం 10వ స్కంధంలో యశోదమ్మ కన్నయ్యకు పాలిస్తుంటే పొయ్యి మీద పాలు పొంగుతాయి. పిల్లాడి కడుపు నిండకుండానే దింపేసి పరుగెడుతుంది. కన్నయ్యకు కోపమొచ్చి పెరుగు కుండ పగలగొడతాడు.

మా ఇంట్లోనూ ఇదే సీన్. పాపకు నెల. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. బాబుకు 4 ఏళ్లు. మొన్న వాడు "అమ్మా రా" అని మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ "ఆగు నాన్నా" అన్నాను. నాలుగోసారి పిలవలేదు, గ్లాసు పాలు నేల మీద పారబోశాడు. గట్టిగా అరిచేశాను. మూలకెళ్లి కూర్చుని, "చెల్లిని వెనక్కి ఇచ్చేయ్" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

రాత్రి ఈ ఘట్టం మళ్లీ చదివాను. కర్ర పట్టుకుని వచ్చిన యశోదమ్మ, బిడ్డ భయపడ్డాడని తెలియగానే ఆ కర్ర పారేసింది. నేను ఇన్నాళ్లూ ఈ మాట గమనించలేదు.

తర్వాత రోలుకు కట్టబోతే, ఎన్ని తాళ్లు కలిపినా రెండంగుళాలు తక్కువే. అలసిపోయిన తల్లిని చూసి చివరికి స్వామే కట్టుబడ్డాడు. ఆ రెండంగుళాల్లో ఒకటి మన ప్రయత్నం, రెండోది ఆయన కృప అంటారు పెద్దలు.

నా వంతు అంగుళం ఇదీ: పాపకు పాలిచ్చేటప్పుడు బాబును పక్కనే కూర్చోబెట్టుకుని కన్నయ్య కథ చెబుతున్నా. డైపర్ అందించే డ్యూటీ వాడిదే. అయినా కొన్ని రోజులు తాడు చాలదు. అప్పుడు అరుపు అనే కర్రనైనా కింద పడేద్దాం.

జై శ్రీకృష్ణ!